సంక్రాంతికి కారులో రాజాం వైపు వస్తున్నారా? తెల్లవారుజామున లోపలి రోడ్డు ఎక్కకండి

హైదరాబాద్‌లో సాయంత్రం 6కి బయల్దేరి, రాత్రంతా నడిపి, భోగి రోజు తెల్లారేసరికి రాజాం దగ్గర మీ ఊరు చేరాలనుకుంటున్నామని రాశారు. కారులో అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు ఉంటారని, చలికాలం మంచులో ఇబ్బంది పడ్డవాళ్లు ఉంటే చెప్పమని అడిగారు. మా అత్తవారిది సంతకవిటి వైపు, ఏటా పండక్కి మాదీ అదే దారి. నా మాట ఒకటే, ఆ ప్లాన్ మార్చండి. హైదరాబాద్‌లో ఎప్పుడైనా బయల్దేరండి గానీ తెల్లవారుజామున 4 నుంచి 8 దాకా మాత్రం శ్రీకాకుళానికి కాస్త ముందు వచ్చే చిలకపాలెం దగ్గర హైవే దిగాక వచ్చే రోడ్డు మీద మీరు ఉండకూడదు.

మంచు హైవే మీదా ఉంటుంది, రణస్థలం దాటాక కొన్ని రోజులు బాగా దట్టంగా పడుతుంది. కానీ అక్కడ మధ్యలో డివైడర్ ఉంటుంది, అంచున తెల్ల గీత ఉంటుంది, ఎదురుగా బండి రాదు. లోపలి రోడ్డు మీద ఇవేవీ ఉండవు. పైగా జనవరి అంటే చెరకు ట్రాక్టర్లు సంకిలి చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్లే కాలం, వరి నూర్పులయ్యాక గడ్డి మోసే ట్రాక్టర్లు తిరిగే కాలం. చాలావాటికి వెనక లైటు ఉండదు, ఉన్నా లోడు కిందకి వేలాడి కప్పేస్తుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తొందరగా చల్లబడుతుంది, చెరువులు, తడి పొలాలు, నాగావళి గట్లు ఉన్నచోట తేమ ఎటూ పోదు, అందుకే ఇక్కడ అంత దట్టంగా పడుతుంది. తెల్లారితే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి పొద్దు పొడిచాక కూడా ఓ గంటసేపు ఇంకా దట్టమైపోతుంది ఒక్కోసారి.

మాకు జరిగింది చెప్తాను. భోగికి ముందు రోజు, రాజాం ఇంకా రాలేదు, మా ఆయన 30 స్పీడు దాటకుండా నడుపుతున్నారు. ఉన్నట్టుండి ఎదురుగా చెరకు గడలు! ఇరుసు విరిగి రోడ్డు మీదే ఆగిపోయిన ట్రాక్టరు, గుర్తుకి వెనక ఒక చెట్టు కొమ్మ పెట్టారంతే. ఆ స్పీడు కాబట్టి మా కారు ఆగింది, కానీ వెనక వస్తున్న కారు ఆగలేక మమ్మల్ని గుద్దింది. మా ఆడపడుచు కొడుకు నుదురు ముందు సీటుకి తగిలి వాచింది, మిగతా అందరం బాగానే ఉన్నాం. మేమంతా దిగి డిక్కీ ఎంత నొక్కుకుపోయిందో చూస్తుంటే ట్రాక్టరు తోలే పెద్దాయన కేక వేశాడు, "కారు తరవాత సూసుకుందురు గానీ ముందు గుంటల్ని గట్టెక్కించండి!" అని. గుంటలంటే ఇక్కడ పిల్లలు. పిల్లల్ని తీసుకుని పొలం గట్టు మీదకి వెళ్లామో లేదో ఒక మోటారుసైకిల్ వచ్చి మేం నిలబడ్డ చోటే జారి పడింది. ఆయన అరవకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి. మంచులో మొదటి దెబ్బ కంటే దాని వెనక వచ్చి తగిలే బండ్లే ఎక్కువ ప్రమాదం. కాబట్టి ఎక్కడ ఆగిపోయినా వెంటనే అందరూ దిగి రోడ్డుకి దూరంగా పొలం వైపు వెళ్లిపోవాలి, రెండు కార్ల మధ్య ఎవరూ నిలబడకూడదు, ఫోన్లూ ఫోటోలూ ఆ తర్వాతే. దెబ్బలు తగిలితే 108కి చేయండి. హైవే మీదైతే 1033 పనిచేస్తుంది, లోపలి రోడ్డు మీద పోలీసులకి 112.

స్పీడు గురించి ఎందుకింత చెప్తున్నానంటే, 60లో వెళ్తుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతాం. ముందు 30 మీటర్లే కనిపిస్తుంటే మీకు రెండు సెకన్లు కూడా లేవు.

మీ కారులో ఆరుగురు అన్నారు, అంటే అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టడం ఖాయం. పెద్దవాళ్లు చలేస్తోంది ఏసీ ఆపమంటారు, ఆపిన కాసేపటికి ముందు అద్దం తెల్లగా అయిపోతుంది, గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ఏసీ ఆపక్కర్లేదు. అది ఆన్‌లోనే ఉంచి టెంపరేచర్ నాబ్ వేడి వైపు తిప్పండి, గాలి అద్దం మీదకి పెట్టండి, లోపలి గాలే తిరిగే బటన్ తీసేయండి. ఏసీ గాల్లో తేమ లాగేస్తుంది, వేడి వల్ల పెద్దవాళ్లకి చలీ వేయదు. హై బీమ్ వేయొద్దు, వెలుగు మంచుకి కొట్టి మన కళ్లలోకే వస్తుంది, డిమ్‌లోనే ఉంచండి, ఫాగ్ లైట్లుంటే వేయండి. కారు కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లడం చాలామందికి అలవాటు, దయచేసి వద్దు, మీరు ఆగి ఉన్నారో వెళ్తున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియదు.

ఇంకొకటి, బయట ఊళ్లవాళ్లకి ఇది తెలియదు. రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, ఉలవలు, మినుములు బండ్ల కింద నలగాలని కట్టలకి కట్టలు పరుస్తారు. గింజల చుట్టూ అంచుకి రాళ్లు పెడతారు, మంచులో అవి కనపడవు. మంచుకి తడిసిన గడ్డి మీద బ్రేకు వేస్తే జారుతుంది. ఎండు కట్టలైతే కారు కింద చక్రాలకి చుట్టుకుని వేడెక్కిన సైలెన్సర్‌కి తగిలి అంటుకునే ప్రమాదం ఉంది. దాని మీదుగా వెళ్లక తప్పకపోతే దాటాక కారు ఆపి కింద ఒకసారి చూడండి, కాలిన వాసన వస్తే అసలు ముందుకి పోవద్దు. భోగి తెల్లవారుజామునైతే ఊరూరా వీధి మధ్యలో మంటలు, ఆ పొగ మంచులో కలిసి పైకి పోదు, చుట్టూ చిన్న పిల్లలు ఉంటారు.

ఇంకో మాట, పండగ ముందు పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి, విజయవాడ దాటడమే ఎంత ఆలస్యమవుతుందో ఎవరూ చెప్పలేరు. తెల్లారేసరికి అని లెక్కేసుకుంటే సరిగ్గా మంచు వేళకే లోపలి రోడ్డు మీద ఉంటారు, అప్పటికి నడిపేవాళ్లకి నిద్ర కూడా ఆగదు. అన్నవరంలోనో, తునిలోనో, అనకాపల్లిలోనో రూమ్ ముందే మాట్లాడుకుని పడుకోండి. అనకాపల్లిలో ఉదయం 7కి బయల్దేరితే చిలకపాలెం చేరేసరికి 9 దాటుతుంది, రోడ్డు తేటగా ఉంటుంది. భోగి మంట చూడాలని పిల్లలకి మరీ ఆశగా ఉంటే ఒక రోజు ముందే వచ్చేయండి. మా మావయ్యగారు ఇప్పుడు మాకు ఫోన్ చేసి మరీ చెప్తారు, "ఎండెక్కాకే రండి బాబూ, పండగ ఎక్కడికీ పోదు" అని.

స్పేర్ టైరులో గాలి, జాకీ హైదరాబాద్‌లోనే చూసుకోండి, ఎందుకంటే భోగి నుంచి కనుమ దాకా పంక్చర్ షాపు తీసి ఉండటం కష్టం. మా డిక్కీకి తాడు కట్టుకునే పండగంతా తిరిగాం, ముక్కనుమ అయ్యాక గానీ మెకానిక్ దొరకలేదు. తిరుగు ప్రయాణానికీ ఇదే లెక్క. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి మర్నాడు అందరూ ఒకేసారి చీకటితో బయల్దేరతారు, మీరు టిఫిన్ చేసి 9 తర్వాత బయల్దేరండి. మీ ఊరు రాజాంకి ఇవతలో అవతలో రాస్తే విజయనగరం మీదుగా రావడం మంచిదేమో చెప్తాను.