బిళ్ళగన్నేరు కషాయం పిల్లవాడికి ఇవ్వవచ్చా?

ప్రశ్న: మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్లు. రక్తకాన్సర్ అని తేలాక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నారు. ఆ మందును బిళ్ళగన్నేరు నుంచే తీస్తారని తెలిసినప్పటి నుంచి, పెరట్లోని మొక్క ఆకులతో కషాయం కాచి పట్టిద్దామని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దయచేసి ఇవ్వకండి. పెద్దవాళ్ల మాటలో నిజం లేకపోలేదు; కాన్సర్ మందులైన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ రెండూ బిళ్ళగన్నేరులో ఉన్నవే. కానీ ఆ మందులు బయటపడిన తీరు చూస్తేనే మీ సందేహానికి సగం సమాధానం దొరుకుతుంది.

1950లలో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న పరిశోధకుడు రాబర్ట్ నోబుల్‌కు జమైకా నుంచి ఈ ఆకులు అందాయి. మన దగ్గర కొందరు చక్కెర జబ్బుకు ఈ ఆకు వాడినట్టే అక్కడివాళ్లూ కషాయం తాగేవారు. ఆ సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా పట్టిస్తే రక్తంలో చక్కెర చెప్పుకోదగ్గంతగా మారలేదు. సిరలోకి ఎక్కించినప్పుడు మాత్రం తెల్ల రక్తకణాలు పడిపోయి, ఒంట్లో చీముగడ్డలు లేచి, వారం రోజుల్లోనే ఆ ఎలుకలు చనిపోయాయి. ఎముక మజ్జను ఇంతగా అణచే పదార్థం లుకేమియా అనే రక్తకాన్సర్‌లో అదుపు తప్పిన తెల్లకణాలనూ అణచవచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది. నోబుల్, ఆయన సహ పరిశోధకుడు చార్లెస్ బీర్ వేరుచేసిన విన్‌బ్లాస్టిన్ సంగతి 1958లో వెల్లడైంది. ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకులు అదే మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది.

కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరోవైపుకీ లాగే సన్నని గొట్టాలు ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. విన్‌క్రిస్టిన్ ఆ ప్రోటీన్‌ను పట్టుకుని గొట్టాలు ఏర్పడనివ్వదు, దాంతో కాన్సర్ కణం విభజన మధ్యలోనే ఆగిపోతుంది. ఇవే గొట్టాలు నరాలకూ అవసరం కాబట్టి మలబద్ధకం, దవడ నొప్పి, కాళ్లలో తిమ్మిరి, నడకలో తడబాటు రావచ్చు. వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఇంజెక్షన్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. నరాలకు ఇలా హాని జరగవచ్చు కాబట్టే పిల్లల శరీర ఉపరితల వైశాల్యాన్ని లెక్కగట్టి, సాధారణంగా చదరపు మీటరుకు 1.5 మిల్లీగ్రాముల చొప్పున, 2 మిల్లీగ్రాములు దాటకుండా, సిరలోకి మాత్రమే ఈ మందు ఎక్కిస్తారు.

ఈ మొక్కలో ఆల్కలాయిడ్లు అనే, శరీరంపై గట్టిగా పనిచేసే రసాయనాలు నూటికి పైగా ఉంటాయి. వాటిలో విన్‌క్రిస్టిన్ ఎంత స్వల్పమంటే, ఒక్క గ్రాము తీయడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. కషాయంతో పిల్లవాడికి చికిత్సకు సరిపడే మందు అందదు, ఒంట్లోకి వెళ్లే మిగతా ఆల్కలాయిడ్ల మోతాదు మాత్రం ఎవరి లెక్కకూ అందదు. పైగా విన్‌క్రిస్టిన్‌ను శరీరం నుంచి తొలగించేది ప్రధానంగా కాలేయమే. ఇట్రాకొనజోల్ వంటి ఫంగస్ మందులు ఆ పనికి అడ్డుపడి నరాలకు జరిగే హానిని పెంచుతాయని వైద్యులకు బాగా తెలుసు. కాబట్టి కషాయమైనా, లేహ్యమైనా, వేరే జబ్బుకు వాడే మాత్రయినా వైద్యులను అడగకుండా ఇవ్వకూడదు. ఒకవేళ ఇప్పటికే ఒకటి రెండుసార్లు పట్టించి ఉంటే, తిడతారేమోనని దాచకుండా, ఎప్పుడు ఎంత ఇచ్చారో తర్వాతి ఇంజెక్షన్‌కు ముందే వాళ్లకు చెప్పండి.