జాబులు – జవాబులు: సరటోగా నుంచి యార్క్‌టౌన్ దాకా

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం (1775–83) గురించి వచ్చిన ప్రశ్నల్లో నాలుగింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: సరటోగాలో బ్రిటిష్ సేన లొంగిపోయింది 1777లో. ఆ తర్వాత కూడా నాలుగేళ్లు పోరు సాగింది. మరి సరటోగానే మలుపు అని ఎందుకంటారు? (తెనాలి)

జవాబు: అక్కడి పోరాటం కన్నా దాని ఫలితం పెద్దది. ముందు పోరాటం సంగతి చూద్దాం. కెనడా నుంచి బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ సుమారు 7,000 మందితో దక్షిణానికి దిగాలి, పడమటి నుంచి సెయింట్ లెజర్ రావాలి, న్యూయార్క్ నుంచి ఇంకో సేన ఎదురు రావాలి, ముగ్గురూ హడ్సన్ నది ఒడ్డునున్న ఆల్బనీ ఊళ్లో కలవాలి. పథకం ఇదీ. న్యూయార్క్‌లో ఉన్న బ్రిటిష్ సేనాపతి హౌ మాత్రం ఓడలెక్కి ఫిలడెల్ఫియా పట్టుకోవడానికి పోయాడు. అతనికి లండన్ నుంచి గట్టి ఆదేశమే అందలేదు. సెయింట్ లెజర్ ఆగస్టులో ఫోర్ట్ స్టాన్విక్స్ దగ్గర నుంచే వెనుదిరిగాడు.

మిగిలిన బర్గోయిన్‌ను తుపాకుల కంటే ముందు దారి దెబ్బతీసింది. హడ్సన్ ఒడ్డున ఉన్న ఫోర్ట్ ఎడ్వర్డ్ చేరడానికి 23 మైళ్ల అడవి బాట. అమెరికన్లు చెట్లు నరికి దానికి అడ్డంగా పడేశారు, వాగులకు కట్టలు వేసి నీళ్లు దారి మీదికి మళ్లించారు. నలభై దాకా వంతెనలు కట్టుకుంటూ ఆ సేన నడవడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. హడావిడిగా పచ్చి కర్రతో చేయించిన బండ్లు దారిలో విరిగాయి. గుర్రాలు, తిండిగింజలు తెమ్మని బెన్నింగ్టన్ వైపు పంపిన దళాలకు ఆగస్టు 16న దాదాపు 900 మంది నష్టం. సెప్టెంబరు 19, అక్టోబరు 7 తేదీల్లో సరటోగా దగ్గర జరిగిన రెండు పోరాటాలనాటికి ఆ సేన అర్ధాకలితో ఉంది. అక్టోబరు 17న 5,900 మంది దాకా ఆయుధాలు దించారు.

అప్పటికే ఫ్రాన్స్ అమెరికన్లకు రహస్యంగా తుపాకిమందు పంపుతూనే ఉంది. సరటోగా కబురు డిసెంబరులో పారిస్ చేరింది, 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్‌కూ అమెరికన్లకూ ఒప్పందం కుదిరింది. దాంతో బ్రిటన్ తన ఓడల్ని వెస్టిండీస్‌కూ మన సముద్రాలకూ పంచాల్సి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులోనే ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివారి పుదుచ్చేరిని పట్టుకున్నారంటే కారణం ఇదే.

ప్రశ్న: సైనికులు వరసలు కట్టి ఎదురెదురుగా నిలబడి కాల్చుకోవడం తెలివితక్కువ కాదా? (వరంగల్)

జవాబు: కాదు, ఆ తుపాకికి అదే పద్ధతి. మస్కెట్ అనే ఆ తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండు దానికన్నా కొంచెం చిన్నది. అది ఊగుతూ బయటికొస్తుంది కాబట్టి వంద గజాలు దాటితే గురి ఉండదు. మందూ గుండూ ఉన్న కాగితపు పొట్లం పళ్లతో చింపి, కాస్త మందు తుపాకి పక్కనుండే చిన్న పళ్లెంలో పోసి మూత వేసి, మిగతా మందూ గుండూ గొట్టంలో వేసి, కడ్డీతో దట్టించి, గుర్రం (నిప్పురవ్వ పుట్టించే చెకుముకిరాయి ఉన్న కొక్కెం) పూర్తిగా వెనక్కి లాగి కాల్చాలి. ఆరితేరినవాడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలడు. అందుకే ఒక్కడి గురిని నమ్ముకోకుండా అందరూ ఒక్కసారే పేల్చి, ఆ పొగలోనే బాయినెట్లతో (తుపాకి కొసన తగిలించే కత్తులతో) పైనపడేవారు. వాన పడితే పళ్లెంలోని మందు తడిసిపోతుంది. 1776 డిసెంబరు 26న ట్రెంటన్‌లో అదే జరిగితే, బాయినెట్లతోనే కానివ్వమన్నాడు వాషింగ్టన్.

గొట్టం లోపల మెలికల గాళ్లుండే రైఫిల్‌కు గురి ఎక్కువ. కానీ నింపడానికి చాలాసేపు పడుతుంది, బాయినెట్ తగిలించే వీలూ లేదు. 1781 జనవరి 17న కౌపెన్స్‌లో అమెరికన్ సేనాని మోర్గాన్ దీన్నంతా లెక్కలోకి తీసుకున్నాడు. ఊళ్ల నుంచి వచ్చిన దళాలను నిలబడి పోరాడమనలేదు, రెండు విడతలు కాల్చి వెనక్కి వెళ్లిపొమ్మన్నాడు. పారిపోతున్నారనుకుని తరిమిన బ్రిటిష్ దళం వెనకున్న అసలు సైన్యం ముందు పడింది. 1,100 మందిలో ఎనిమిది వందలకు పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా పట్టుబడ్డారు.

ప్రశ్న: యార్క్‌టౌన్‌లో కోట గోడలు లేవు కదా, ముట్టడి ఎలా చేశారు? (అనంతపురం)

జవాబు: ఊళ్లో ఉన్నది బ్రిటిష్ సేన, ముట్టడించింది అమెరికన్లూ ఫ్రెంచివాళ్లూ. ముందు సముద్రం మూసేశారు. 1781 సెప్టెంబరు 5న చెసాపీక్ అఖాతం ముఖద్వారంలో ఫ్రెంచి ఓడలు 24, బ్రిటిష్ ఓడలు 19 తలపడ్డాయి. ఓడలు పెద్దగా మునగలేదు కానీ బ్రిటిష్ నౌకాదళం న్యూయార్క్‌కు తిరిగిపోయింది. ఒడ్డున యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాపతి కార్న్‌వాలిస్ చిక్కుకున్నాడు. నా లెక్కలో యుద్ధం తేలిపోయింది ఆ రోజునే.

ఆ తర్వాతిది పలుగూ పారా పని. అక్టోబరు 6 రాత్రి చీకట్లో, వానలో, 1,500 మంది ఊరికి ఎదురుగా పొడవాటి కందకం తవ్వారు, 2,800 మంది కాపలా కాశారు. ఇసుక నేల కాబట్టి పని తేలికైంది, వాన చప్పుడులో తవ్వుడు వినబడలేదు. పుల్లలతో అల్లిన అడుగులేని గంపలు వరసగా నిలిపి, తవ్విన మట్టి వాటిలో నింపితే అదే గోడ. తెల్లారేసరికి తలకు మించిన చాటు తయారైంది. 9న ఫిరంగులు మోగాయి. 11 రాత్రి ఇంకా దగ్గరగా రెండో కందకం మొదలైంది. దాన్ని నది దాకా పొడిగించడానికి రెండు మట్టి బురుజులు అడ్డం. 14 రాత్రి ఒకదాని మీదికి ఫ్రెంచివాళ్లు 400, రెండోదాని మీదికి అమెరికన్లు 400 మంది వెళ్లారు. అమెరికన్లు తుపాకులు నింపనేలేదు, పొరపాటున ఒక్కటి పేలినా గుట్టు రట్టవుతుంది మరి. 16 రాత్రి నది దాటి తప్పుకుందామని కార్న్‌వాలిస్ చూస్తే గాలివాన పడవల్ని చెదరగొట్టింది. 19న ఏడు వేలకు పైగా లొంగిపోయారు. న్యూయార్క్ నుంచి సాయం బయల్దేరింది సరిగ్గా ఆ రోజే.

ప్రశ్న: ఆ కార్న్‌వాలిస్, మన గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఒకరేనా? (గుంటూరు)

జవాబు: ఒకరే. లొంగిపోయిన ఐదేళ్లకు, 1786లో కలకత్తాలో దిగాడు. మీ ఊరితో నేరుగా లావాదేవీ ఉంది. నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన 1768 ఒప్పందం ప్రకారం గుంటూరు సర్కారు (జిల్లా) నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం అతనిదే, తర్వాత కంపెనీది. అతను 1782లో పోయినా నిజాం దాన్ని వదల్లేదు. 1788లో కార్న్‌వాలిస్ పట్టుబట్టి, యుద్ధం లేకుండానే తీసుకున్నాడు.