నంబరు కలిసేదాకా అమ్మమ్మకి చెప్పకు

బరంపురం

చిరంజీవి బుజ్జమ్మకి, పెదనాన్న ఆశీస్సులు.

మీ అమ్మ ఫోను చేసి చెప్పింది, మీ ముత్తాత బర్మా యుద్ధంలో ఎలా పోయాడో తేల్చే పని మొదలుపెట్టావట. మూడు తరాలుగా ఎవరూ పట్టించుకోని పని నువ్వు తలకెత్తుకున్నావు. విన్న దగ్గర్నుంచి ఒకటే సంతోషం. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మీ అమ్మమ్మకి ఈ సంగతి అప్పుడే చెప్పేశావట కదా. ఎనభై అయిదేళ్ళ మనిషి రోజూ అరుగు మీద కూర్చుని "మా నాన్న సంగతి తెలిసిందా?" అని అడుగుతోందట. తొందరపడ్డావు తల్లీ.

మామూలు పనులు నీకు తెలిసినవే. యుద్ధంలో పోయిన సిపాయిల పేర్లు భద్రపరిచే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా ఫోనులోనే వెతకొచ్చు. 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సైన్యంలో పోయినవాళ్ళు ఆ లెక్కలోకి వస్తారు. మద్రాస్ రెజిమెంటు అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్‌కి, మద్రాస్ సాపర్స్ (సైన్యంలో దారులు, వంతెనలు వేసే దళం) అయితే బెంగళూరుకి ఉత్తరం రాయాలి. మాజీ సైనికుల పనులు చూసే జిల్లా సైనిక్ బోర్డులో కూడా అడుగు.

అసలు ఆయన పట్టాళంలో చేరాడా, లేక గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి కూలికి రంగూన్ వెళ్ళాడా అన్నది ముందు తేల్చుకో. మనవైపు ఎన్నో ఇళ్ళల్లో ఈ రెండూ కలిసిపోయి "బర్మాలో పోయాడు" అన్న ఒక్క మాట మిగిలింది.

ఊరి పేరు దగ్గర జాగ్రత్త. మీ గజపతి జిల్లా 1992లో పుట్టింది, అంతకుముందు అంతా గంజామే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పాత గంజాం రెండు ముక్కలై, శ్రీకాకుళం, టెక్కలి విశాఖ జిల్లాకి పోయాయి. కాబట్టి ఒకే ఊరివాడికి గంజాం అని ఉండొచ్చు, వైజాగపట్నం అని ఉండొచ్చు, చికాకోల్ (శ్రీకాకుళం పాత పేరు) అని ఉండొచ్చు. బరంపురం కనబడగానే మనదే అనుకోకు, బెంగాల్లో ముర్షీదాబాద్ జిల్లాకీ ఒక బహరంపూర్ ఉంది.

సమాధి కోసం వెతక్కు. మన హిందువుల్ని దహనం చేశారు. వాళ్ళ పేర్లు స్మారకాల మీద చెక్కారు. ఇంఫాల్ దహన స్మారకం మీద 868, కోహిమాలో 917. జాడే దొరకనివాళ్ళ పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్మారక స్తంభాల మీద ఉన్నాయి. ఆ స్తంభాల మీద దాదాపు 27,000 పేర్లు.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలీదు.

మా అమ్మ నాన్న, మా తాతయ్య, 1944లో పోయాడు. మనియార్డర్లు ఆగిపోయాయి, తర్వాత "ఆచూకీ లేదు" అని ఒక కాగితం వచ్చింది. అంతే. ఆచూకీ లేదంటే పోయినట్టు కాదు కదా అని మా అమ్మమ్మ ఆఖరి రోజు దాకా బొట్టు తీయలేదు. ఆవిడ పోయాక మా పెద్దమ్మ ఏటా మహాలయ అమావాస్య నాడు తండ్రి పేరున స్వయంపాకం ఇచ్చేది. తిథి తెలియనివాళ్ళకి ఆ రోజే కదా.

నేను 2006లో వెతకడం మొదలుపెట్టాను. పది రోజుల్లో పేరు దొరికింది. తాతయ్య పేరే. ఇంట్లో చెప్పుకునే రెజిమెంటే. 1944 మే తేదీ, ఇంఫాల్ పోరాటం జరుగుతున్న రోజులు. తండ్రి పేరు, ఊరి పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీ చూసి నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఛత్రపురం వెళ్ళి పెద్దమ్మకి చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పంతులుగారు పాత పంచాంగం తీసి వైశాఖ బహుళ సప్తమి అని తేల్చారు. మరుసటి ఏడు నుంచి కొడుకు చేత ఆ తిథికి తద్దినం పెట్టించింది. నాలుగేళ్ళు.

నాలుగో ఏడు మా ఇంటి పెంకులు తిరగేయిస్తుంటే అటక మీద గుడ్డమూట దొరికింది. లోపల తాతయ్య పంపిన మనియార్డరు కూపన్లు. ఒక్కొక్క దాని మీద సైన్యంలో ఆయనకిచ్చిన నంబరు. నేను జాబితాలో చూసిన నంబరు అది కాదు. రెజిమెంటూ అది కాదు. తెలుగు సిపాయి పేరు ఇంగ్లీషు గుమాస్తా చేతిలో పడి, ఇంటిపేరు రాలిపోయి, ఒక్క ముక్కగా మిగులుతుంది. ఆ ఒక్క ముక్క పేరుతో ఎంతమంది ఉంటారో నాకు తట్టలేదు.

పెద్దమ్మకి చెప్పడానికి ఏడాది ధైర్యం చాల్లేదు. వెళ్ళేసరికి చేటలో బియ్యం ఏరుతోంది. విషయం చెప్పాను. చెయ్యి ఆగింది. చాలాసేపటికి, "మరి ఆయనెవరు? పిల్లలున్నారా?" అంది. తెలీదన్నాను. "నాలుగేళ్ళు అన్నం పెట్టించావు కదరా, ఏ ఊరివాడో కనుక్కోలేదా?" అంది. నన్ను తిట్టలేదు. ఆ ఏడు మళ్ళీ మహాలయ అమావాస్యకే స్వయంపాకం ఇచ్చింది, ఇద్దరికి. మరుసటేడు పోయింది.

తాతయ్య సరైన పేరు ఆవిడ పోయిన రెండేళ్ళకి దొరికింది, తౌక్యాన్ స్తంభాల మీద. పేరు పెట్టి వెతికితే నూరేళ్ళకీ దొరికేది కాదు, అక్షరాలు అంతగా మారిపోయాయి. నంబరు కొట్టాను, వచ్చింది. మొదటిరోజే అటక ఎక్కి ఉంటే పెద్దమ్మ విని ఉండేది. బుజ్జమ్మా, ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతోంది.

అందుకే చెప్తున్నాను. నంబరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడింట్లో రెండయినా కలవాలి. అందులో నంబరు తప్పనిసరి.

ఇంకొకటి. తుపాకిగుండు తగిలి పోయాడనే కథ కోసం వెతక్కు. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో వెనక్కి తెచ్చిన ఒక్కొక్కడికి జబ్బుతో తెచ్చినవాళ్ళు 120 మంది అని సేనాధిపతి జనరల్ స్లిమ్ లెక్క. మలేరియా, రక్త విరేచనాలు. మీ ముత్తాత అలా పోయాడని తేలితే చిన్నబుచ్చుకోకు, అమ్మమ్మనీ చిన్నబుచ్చుకోనివ్వకు. పటాలాల యుద్ధ డైరీలు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటిలో ఆఫీసర్ల పేర్లే గానీ సిపాయిల పేర్లు కనబడడం అరుదు. ఆ రోజు ఆ పటాలం ఎక్కడుందో మాత్రం తెలుస్తుంది. ఉత్తరాలేమైనా మిగిలితే తపాలా ముద్ర చూడు. సిపాయి ఉన్న చోటు రాయకూడదు, కానీ ముద్రలో ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు ఉంటుంది. దాన్నిబట్టి చోటు పట్టొచ్చు.

అమ్మమ్మకి దొరికింది చెప్పొద్దన్నానే గానీ, ఆవిణ్ణి అడగడం ఆపకు. వాళ్ళ తాత పేరేమిటి, వాళ్ళ నాన్న ఏ ఊళ్ళో పట్టాళంలో చేరాడు, మనియార్డరు ఆగింది నాట్ల ముందా కోతల తర్వాతా, అన్నీ ఈ వారమే అడిగి రాసుకో. ఈ వయసులో రేపటికని ఏదీ వాయిదా వేయకూడదు.

ఆవిడ ట్రంకుపెట్టె అడుగున కాగితాల మూట ఉందని మీ అమ్మ అంది. నేనొచ్చేదాకా విప్పకు, పాత కాగితం మడత దగ్గర విరుగుతుంది, నంబరు సరిగ్గా అక్కడే ఉండొచ్చు. ఆదివారం పొద్దుటి బస్సుకి పర్లాకిమిడి వస్తాను. అమ్మమ్మకి మాత్రం, పెదనాన్న నిన్ను చూడ్డానికి వస్తున్నాడని చెప్పు.

మీ పెదనాన్న