శిష్యుల ఎదుట ఓడిపోతే పరువు పోతుందా?

ప్రశ్న: నా వయసు 53. గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణంలో ఇరవై రెండేళ్లు తెల్లవారుజామున బడి మైదానంలో పిల్లలకు షోటోకాన్ కరాటే నేర్పాను. 2020లో కరోనా వల్ల తరగతులు ఆగిపోయాయి, మళ్లీ మొదలుపెట్టలేదు. మరో మూడు నెలల్లో హైదరాబాద్‌లో జరిగే టోర్నమెంటులో యాభై దాటినవారికి కటా (ప్రత్యర్థి లేకుండా, నిర్ణీత కదలికలను వరుసగా చేసి చూపడం) విభాగం ఉందని పాత శిష్యులు ఫోన్ చేసి చెప్పారు. ఒకప్పుడు నాకు పేరు తెచ్చిన ఉన్సు కటాతో అందులో పాల్గొనాలని ఉంది. నిర్వాహకుల్లో ఒకడు నా శిష్యుడే. పన్నెండేళ్ల క్రితం బ్లాక్ బెల్ట్ పరీక్షలో తప్పితే, వాళ్ల అమ్మానాన్నల ఎదుటే ‘నీకు ఈ జన్మలో రాదు’ అన్నాను. నడుముకున్న బ్రౌన్ బెల్ట్ విప్పి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మోకాళ్ల నొప్పులతో ఇదంతా ఎందుకని నా భార్య అంటోంది, మా అబ్బాయి నవ్వుతున్నాడు. పోటీకి వెళ్లాలా? శిష్యుల ఎదుట ఓడిపోతే నా పరువేమవుతుంది?

జవాబు: మాస్టరు గారూ, మీరు అడిగింది పోటీ గురించే అయినా, మీ ఉత్తరంలో బరువంతా బీరువాలో ఉన్న ఆ బెల్ట్ మీదే ఉంది. అతను చూస్తుండగా మీరు బాగా చేసి పతకం అందుకుంటే, పన్నెండేళ్ల నాటి మాట దానంతటదే కొట్టుకుపోతుందని, మీరు నోరు తెరిచి ఏమీ చెప్పనక్కరలేకుండా అతనే వచ్చి కాళ్లకు దండం పెడతాడని మీ మనసులో ఎక్కడో ఆశ ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. అది నా పొరపాటైతే మన్నించండి. నిజమైతే మాత్రం, ఆ రెండు పనులనూ విడదీయమని చెబుతాను, ఎందుకంటే పతకం రాకపోతే క్షమాపణ కూడా ఆగిపోయే పరిస్థితి మీరే తెచ్చుకుంటున్నారు.

కాబట్టి ముందుగా ఫోన్. అది ఈ వారంలోనే, మీరే, మధ్యవర్తులు లేకుండా చేయాలి. టోర్నమెంటు రోజున నిర్వాహకుడికి మ్యాట్లు, డ్రాలు, తీర్పుల మీద తల్లిదండ్రుల తగాదాలు, ఇన్నింటి మధ్య ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అందరూ చూస్తుండగా గురువు ఎదురైతే అతను ఇష్టం లేకున్నా నవ్వక తప్పదు, ఆ నవ్వును మీరు క్షమ అనుకుంటారు. అతను ఇప్పుడు తానూ నలుగురికి నేర్పేవాడు కావచ్చు కనుక, పాత చనువుతో ‘ఏరా’ అని మొదలుపెట్టకుండా పేరు పెట్టి పిలిచి, మాట్లాడటానికి వీలుందా అని అడగండి. ఆ తర్వాత, ‘ఆ రోజు మీ అమ్మానాన్నల ఎదుట నిన్ను అంత మాట అనకూడదు, తప్పు నాది’ అని చెప్పి ఆగిపోండి. ‘నీ మంచి కోసమే అన్నాను’ అనే మాట నాలుక చివరి దాకా వస్తుంది, దాన్ని మింగేయండి. పరీక్షలో తప్పించడం మీ హక్కే, బహుశా సరైన నిర్ణయమే. మీరు క్షమాపణ అడుగుతున్నది ఆ మాటకు. అతను ముక్తసరిగా ‘సరే సార్’ అని పెట్టేయవచ్చు. మీరు ఒక్క ఫోన్‌కు ఒక్క జవాబే ఆశించండి, రెండోసారి వెంటపడకండి.

బెల్ట్‌ను సంచిలో పెట్టుకుని వెళ్లాలని మీకు తప్పక అనిపిస్తుంది. అడగకుండా తీసుకెళ్లకండి. మీకది పన్నెండేళ్లు భద్రపరచిన జ్ఞాపకం కావచ్చు గానీ, ఈపాటికి బ్లాక్ బెల్ట్ కట్టుకున్న మనిషి చేతిలో బ్రౌన్ బెల్ట్ పెడితే, అతనికి అందులో ఆ ఉదయమే కనబడవచ్చు. అది మీ దగ్గర ఉందని చెప్పండి. కావాలంటే అతనే అడుగుతాడు.

ఇక పోటీ. వెళ్లండి, అయితే గురువుగా కాకుండా పోటీదారుగా వెళ్లండి. అందరిలాగే ఫీజు కట్టి పేరు నమోదు చేసుకుని, మీ కటా జరిగే మ్యాట్ దగ్గర మీ శిష్యులెవరూ న్యాయనిర్ణేతలుగా కూర్చోకుండా చూడమని ముందే కోరండి. గెలిచినా ఓడినా దాని మీద మాట రాకుండా ఉండటం మీకూ, వాళ్లకూ మంచిది.

మీ భార్య మాటను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నాకు కరాటే రాదు గనుక, దశాబ్దాలుగా నేర్పుతున్న ఒక మిత్రుణ్ణి అడిగాను. ఉన్సు చివర్లో గాలిలో ఒక చుట్టు పూర్తిగా తిరిగి చేతులూ కాళ్లూ నేలకు ఆనేలా వాలే ఘట్టం గురించి చెప్పగానే, నొప్పి ఉన్న మోకాళ్లతో అది వద్దని ఆయన ఖండితంగా అన్నారు. మోకాళ్లను లోపలికి బిగించి నిలబడే హంగెట్సు అనే కటా కూడా ఆయనకు సమ్మతం కాలేదు. గాలిలో తిరిగే ఘట్టం లేని బస్సాయ్ దాయ్ లాంటి కటా ఎంచుకోమన్నారు. ఎముకల వైద్యుడికి మోకాళ్లు చూపించి, బీపీ, గుండె పరీక్షలు కూడా చేయించుకుని, ఆ కాగితాలు మీ భార్య చేతిలో పెట్టండి. వైద్యుడు వద్దంటే ఆ మాటే చివరిది. షోటోకాన్ మూలపురుషుడు ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించేనాటికి ఆయనకూ యాభై మూడేళ్లే. మీ అబ్బాయి మళ్లీ నవ్వినప్పుడు ఈ సంగతి చెప్పండి, కాకపోతే ఆయన చేసింది ప్రదర్శన, పోటీ కాదన్నది మీరు గుర్తుంచుకోండి.

ఓడిపోతే పరువు పోతుందా అని అడిగారు. ఇరవై రెండేళ్లలో ఎందరో పిల్లలను మీరు ఓడిపోయాక కూడా ఎదుటివాడికి వంగి నమస్కరించి మ్యాట్ దిగమని పంపి ఉంటారు. అదే పని మీరు చేస్తుంటే చూడటం వాళ్లకు కొత్త గానీ చిన్నతనం కాదు. నాకు ఓటమి కన్నా ఎక్కువ భయం ఉన్నది ఆ తర్వాతి గంటన్నర మీద. ఒకప్పటి పదేళ్ల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు, పిల్లలు, ఇంటి రుణాలు ఉన్న పెద్దవాళ్లు. కలవగానే భుజాలు సర్దకండి, పొట్ట పెరిగిందని మందలించకండి. వాళ్ల పిల్లల పేర్లు అడగండి, మరిచిపోతే మళ్లీ అడగండి.

మీ భార్యనూ వెంట తీసుకువెళ్లండి. ఇన్నేళ్లు చీకటితో లేచి ఆ తరగతులకు మిమ్మల్ని పంపిన మనిషి, మిమ్మల్ని వద్దంటున్నా ఆ పిల్లలను చూడనని అనలేదు కదా. ఆమె కోసం నిర్వాహకులను ఒక కుర్చీ అడగండి, గ్యాలరీ మెట్ల మీద కాకుండా.