పటం గుడ్డ పెచ్చులూడుతోందా?

ప్రశ్న: పర్లాకిమిడిలో పగలు దుకాణాల బోర్డులు రాస్తాను, రాత్రి గంటసేపు పటచిత్రాలు (గుడ్డ మీద వేసే సంప్రదాయ బొమ్మలు) వేసుకుంటాను. వానలు మొదలయ్యాక చింతగింజల జిగురుతో వేసిన సుద్దపూత పెచ్చులూడుతోంది, వాసన కూడా. ఏం చేయాలి?

జవాబు: వాసన వచ్చిందంటే జిగురు పాడైనట్టే, దానికి పట్టుండదు. పారబోయండి. గింజలు 2, 3 రోజులు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద ఉడికించండి. వానాకాలంలో ఆ పూటకు సరిపడా మాత్రమే.

పాత నూలుగుడ్డ రెండు పొరలు అతికించి, పూర్తిగా ఆరాకే పూత. జల్లించిన సుద్దలో జిగురు కొద్దికొద్దిగా పోస్తూ పలచటి దోసెపిండిలా కలపండి. ముందు అరచేతంత ముక్క మీద వేసి ఆరనివ్వండి. వేలికి పొడి అంటితే జిగురు చాలలేదు. మడిస్తే చిట్లితే జిగురు ఎక్కువైంది, లేదా పూత మందమైంది. ఒక మందపు పూత కన్నా రెండు పలచటివి ఎప్పుడూ మేలు. తొందరపడి తడి మీద తడి వేస్తే అడుగు ఆరక పైపొర లేస్తుంది. చివర గరుకురాయితో, ఆపైన నున్నటి గులకరాయితో రుద్దాలి. ఈ పని మాత్రం తగ్గించుకోవద్దు, సన్నగీత నిలిచేది ఆ నునుపు మీదే.

బోర్డులకు వాడే ఎనామిల్ దీని మీద వద్దు; గుడ్డ చుడితే పగులుతుంది. పాతకాలపు పసుపు రంగు హరితాళంలో ఆర్సెనిక్, ఎరుపు రంగు ఇంగిలీకంలో పాదరసం ఉంటాయి; రెండూ విషమే. వాటిని నూరకండి, కుంచెను నోట పెట్టకండి. రాత్రి గంటే దొరుకుతుంది కాబట్టి ఒక రాత్రి అతుకు, తర్వాత రెండు రాత్రులు పూతలు, నాలుగో రాత్రి రుద్దడం పెట్టుకోండి.