సైకిల్ చైన్ వైపు కప్పు ఊడటం లేదా? తిప్పే దిక్కు మార్చండి

మీరు బిగిస్తున్నారండి, విప్పడం లేదు.

అమలాపురంలో కొన్న పాత స్టీల్ సైకిల్ ఫ్రేమ్‌లో ఎడమ బాటమ్ బ్రాకెట్ (పెడళ్లు తిరిగే ఇరుసు అమరిక) కప్పు, అంటే దాన్ని ఫ్రేమ్‌లో పట్టి ఉంచే మరల రింగు, ఊడింది, చైన్ వైపుది మాత్రం టూల్ జారేదాకా తిప్పినా కదల్లేదని మీరన్నారు. బీఎస్‌ఏ అనే ఇంగ్లిష్ కొలత ఫ్రేముల్లో ఆ వైపు రివర్స్ థ్రెడ్ (తిరగబడ్డ మర) ఉంటుంది. చాలామంది తప్పేది ఇక్కడే. సైకిల్‌కి కుడివైపు నిలబడి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది.

1. ముందు షెల్ (బాటమ్ బ్రాకెట్ కూర్చునే ఫ్రేమ్ గొట్టం) వెడల్పు కొలవండి. 68 మి.మీ. ఉంటే దాదాపుగా బీఎస్‌ఏనే. 70 ఉంటే ఇటాలియన్, దానికి రెండు వైపులా మామూలు థ్రెడే.

2. ఇన్నాళ్లూ బిగించారు, పైగా మన కోనసీమ తేమకి తుప్పు కూడా పట్టి ఉంటుంది. ఫ్రేమ్‌ని కుడివైపు కిందికి పెట్టి పడుకోబెట్టి, ఎడమ వైపు నుంచి తుప్పు వదిలించే ఆయిల్ పోయండి. రాత్రంతా అలాగే వదిలేయండి.

3. టూల్‌ని చేత్తో నొక్కిపట్టుకోవద్దు. క్రాంక్‌ని (పెడల్ చేయిని) పట్టి ఉంచే బోల్టుకి పెద్ద వాషర్ వేసి, దాంతో టూల్‌ని స్పిండిల్‌కి (మధ్య ఇరుసుకి) బిగించండి. ఇక జారదు. కప్పు కొంచెం కదలగానే బోల్టు వదులు చేస్తూ పోండి.

4. టూల్ పిడికి పొడవాటి ఇనప పైపు తొడిగి నిదానంగా బలం పెట్టండి. సుత్తి మాత్రం వద్దండి! షెల్ థ్రెడ్ పాడైతే ఫ్రేమే చేజారిపోతుంది.

5. కొత్త బాటమ్ బ్రాకెట్ కొనేముందు పాత స్పిండిల్ పొడవు కొలిచి అదే కొలతది తెచ్చుకోండి, లేకపోతే చైన్ లైన్ (ముందు, వెనక పళ్లచక్రాల మధ్య చైన్ తిన్నగా ఉండటం) తప్పుతుంది. బిగించేటప్పుడు థ్రెడ్లకి గ్రీజు దట్టంగా రాయండి.