భయపెట్టడానికి సంజాయిషీ అక్కరలేదు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి ఒకే విడతలో పూర్తిచేశాను. పురిటి గది సన్నివేశం నన్ను నిజంగా భయపెట్టింది. మంచం తలాపున కొడవలి, గుమ్మానికి వేపమండలు, పక్కనే గాఢనిద్రలో ముసలమ్మ. బిడ్డ తన రొమ్ము దగ్గర పాలు తాగుతున్న చప్పుడు వింటూ బాలింత కళ్ళు మూసుకోబోతుండగా, గదికి ఆ చివరనున్న ఉయ్యాలలోంచి బిడ్డ ఏడుపు వినిపిస్తుంది. బాగా రాశావు.

అయితే నాచేత ఈ ఉత్తరం రాయించింది స్క్రిప్టుకు ముందు నువ్వు జతచేసిన రెండు పేజీల ముందుమాట. ఇది మామూలు దెయ్యం సినిమా కాదనీ, ఇందులోని దెయ్యం తల్లుల మీద సమాజం మోపే బరువుకు ప్రతీక అనీ, చివరికి స్త్రీలకు ధైర్యం చెప్పే సందేశం ఉంటుందనీ అందులో రాశావు. ఆ మాట నిలబెట్టుకోవడానికే కాబోలు, పతాక సన్నివేశంలో ఒక మానసిక వైద్యుణ్ణి ప్రవేశపెట్టి, అప్పటిదాకా మేము చూసినదీ విన్నదీ అంతా బాలింత భ్రమ అని అతనిచేత చెప్పించావు. అది చదివి నాకు కోపం వచ్చింది. ప్రసవం తరువాత మనసు చెదిరే జబ్బు ఉన్నమాట నిజం, దానికి వైద్యం ఉన్నమాటా నిజం, దాని మీద వేరే సినిమా తప్పక రావాలి; కానీ ప్రేక్షకురాలిని గంటన్నరసేపు చీకట్లో కూర్చోబెట్టి నమ్మించిన దాన్ని నాలుగు నిమిషాల ఉపన్యాసంతో తుడిచేసే హక్కు నీకు లేదు.

2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ విజయవంతమయ్యాక కొన్నేళ్ళపాటు మన దగ్గర హారర్ కామెడీలు వరుసగా వచ్చాయి. నిర్మాతలకు వాటి కథలు వినిపించే నేరేషన్లకు వెళ్ళిన కుర్రాళ్ళలో ఎవరైనా తమ దెయ్యం దేనికి ప్రతీకో రాసుకుని వెళ్ళారంటే నేను నమ్మను. ఆడపిల్ల అదే కథ తెస్తే మాత్రం ఆమె ఏదో ఒక సత్కార్యం కోసమే ఈ పని చేస్తున్నట్టు రుజువు చూపించాలి. ఆ రుజువును ఎవరూ అడగకముందే నువ్వు సమర్పించుకున్నావు.

జెనిఫర్ కెంట్ అనే ఆస్ట్రేలియా దర్శకురాలు 2014లో తీసిన ‘ది బాబాడూక్’ చూడు. భర్త పోయిన దుఃఖం, కొడుకును ప్రేమించలేకపోతున్న తల్లి, ఆ ఇంట్లోకి చేరిన ఒక నల్లటి ఆకారం. నీ కథకు దగ్గరి కథే. ఆమె వైద్యుణ్ణి పిలిపించి ఆ ఆకారాన్ని మాయం చేయించలేదు. చివరికి కూడా అది చావదు. ఇంటి కింది గదిలో ఉంటుంది, తల్లి దానికి రోజూ వానపాముల గిన్నె తీసుకెళ్ళి పెడుతుంది. అది దుఃఖమా, భూతమా అని నువ్వు అడగవచ్చు. ఆమె చెప్పదు, చెప్పనందుకే సినిమా ముగిసినా మనల్ని వదలదు. ఆ కథకు బీజమైన షార్ట్ ఫిల్మును ఆమె 2005లో తీసింది. పూర్తి సినిమా రావడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ప్రధానమైన పెట్టుబడి అక్కడి ప్రభుత్వ చలనచిత్ర సంస్థలనుంచి వచ్చింది, సెట్ల కోసం మరో 30 వేల డాలర్లకు పైగా ప్రజలనుంచి చందాలుగా వచ్చాయి.

అది వచ్చిన నాలుగేళ్ళకు, 2018లో, అమెరికాలో హారర్ సినిమాలకు పెట్టింది పేరైన నిర్మాత జేసన్ బ్లమ్, మహిళా దర్శకులే తక్కువ, హారర్ తీయాలనుకునే వాళ్ళు మరీ తక్కువ అన్నారు. అప్పటికే ఫ్రాన్సులో జూలియా దుకర్నో అనే దర్శకురాలు ‘రా’ అనే హారర్ సినిమా తీసి రెండేళ్ళయింది. విమర్శలు చెలరేగాక ఆయన క్షమాపణ చెప్పారు, అది ఆయన గౌరవాన్ని నిలబెట్టింది. దుకర్నో 2021లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకుంది. ఆడవాళ్ళకు ఈ కథల మీద మక్కువ లేదని అనేవాళ్ళు మన గడపల్లోనూ ఉన్నారు కనుక ఇది చెబుతున్నాను.

వారపత్రికల నవలలు రాజ్యమేలిన రోజుల్లో, అట్టమీద ఆడవాళ్ళ పేరుంటే ప్రతులు బాగా అమ్ముడవుతాయని కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని రాసేవారు. ఆ రోజుల్లోనే నేను ఒక భయానక నవల పట్టుకుని ఒక వారపత్రిక సంపాదకుడి దగ్గరికి వెళ్ళాను. ప్రేమకథకైతే నా పేరు పనికివస్తుందనీ, ఈ నవలకు మాత్రం ఏదైనా మగపేరు ఆలోచించుకోమనీ ఆయన మర్యాదగానే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. ఆ నవల ఇంకా నా దగ్గరే ఉంది. మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ 1818లో రచయిత్రి పేరు లేకుండానే వెలువడిందని తరువాత తెలిసినప్పుడు, నాకు కలిగింది ఓదార్పు కాదు, రెట్టింపు కోపం. సినిమాల్లోకి వచ్చాక ఒక నిర్మాత నా కథను మెచ్చుకుని, నెలల తరబడి కథా చర్చల్లో కూర్చోబెట్టి, చివరికి దర్శకత్వం తన దగ్గరున్న ఒక కుర్రవాడికి అప్పగించారు. రాత్రిళ్ళు అడవిలో షూటింగు, ఆడమనిషికి కష్టం అన్నారు. టైటిల్ కార్డులో ‘కథా సహకారం’ అని వేశారు.

రాత్రి షూటింగు కష్టమన్న ఆ మాటకు జవాబు మన చరిత్రలోనే ఉంది. మలయాళంలో తొలి హారర్ చిత్రంగా చెప్పుకునే ‘భార్గవీ నిలయం’ 1964లో వచ్చింది. అందులో దెయ్యంగా నటించిన అమ్మాయి విజయనిర్మల. తరువాత ఆమె 44 సినిమాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆమె విషయంలో నాకు ముఖ్యంగా తోచేది ఆమెకు రెండో సినిమా దొరకడం, పదోది దొరకడం, ఒకటి ఆడకపోయినా మరొకటి చేతిలో ఉండడం.

నేను ఎక్కడ మాట్లాడినా ఇదే చెబుతున్నాను, విసుగొచ్చినా విను. మహిళా దర్శకులకు ప్రోత్సాహం అంటే రెండో సినిమాకు పెట్టుబడి. ప్రతి ఏటా మార్చి 8న శాలువా కప్పి జ్ఞాపిక చేతిలో పెట్టే సంస్థల్లో ఒక్కటీ ఎవరికీ అడ్వాన్సు ఇవ్వగా నేను చూడలేదు. కారిన్ కుసామా అనే అమెరికా దర్శకురాలు 2009లో ‘జెన్నిఫర్స్ బాడీ’ తీస్తే, ఇద్దరు అమ్మాయిల స్నేహం గురించిన ఆ హారర్ కథను స్టూడియో కథానాయిక అందం చూపించి కుర్రాళ్ళకు అమ్మబోయింది. సినిమా ఆడలేదు. ఏళ్ళ తరువాత అమ్మాయిలు దాన్ని వెతుక్కుని మరీ చూసి నెత్తిన పెట్టుకున్నారు. కానీ ఆమె తరువాతి సినిమా రావడానికి 2015 దాకా పట్టింది. ఆ మధ్య కాలాన్ని ఆమెకు ఎవరు తిరిగి ఇస్తారు?

డబ్బు పెట్టేవాళ్ళు ఉన్నచోట పని జరుగుతోంది. హిందీలో పాటలూ మాటలూ రాస్తూ వచ్చిన అన్వితా దత్, 2020లో చుడైల్ (ఆడదెయ్యం) కథతో ‘బుల్‌బుల్’ తీయగలిగింది. నిర్మించింది అనుష్కా శర్మ సంస్థ. కేరళ ప్రభుత్వం తన చలనచిత్రాభివృద్ధి సంస్థ ద్వారా మహిళా దర్శకులకు ఒక్కో సినిమాకు కోటిన్నర దాకా ఇచ్చే పథకం పెట్టింది. అటువంటిది మన రెండు రాష్ట్రాలలోనూ రావాలి, వచ్చినప్పుడు ‘సందేశాత్మక చిత్రాలకు మాత్రమే’ అన్న నిబంధన అందులో ఉండకూడదు.

ఇక నీ పని. ముందుమాట రెండు పేజీలూ తీసివెయ్యి. వైద్యుడి పాత్రను ఉంచుకోవాలనుకుంటే ఉంచుకో, కానీ అతను కూడా ఆ చప్పుడు వినాలి. ముసలమ్మకు ఆ చప్పుడు ముందే తెలుసునని రెండో అంకంలో సూచించి వదిలేశావు; కథలోని అసలు భయం అక్కడే ఉంది, తవ్వు. తిరగరాసిన ప్రతిని రచయితల సంఘంలో రిజిస్టరు చేయించాక నాకు పంపు. నువ్వు చెప్పిన నిర్మాతను కలిసే రోజు, నీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. దర్శకత్వం నీదేనని కాగితం మీద రాసి సంతకం పెట్టేదాకా ఆయనకు విశ్రాంతి వరకే కథ చెప్పు.

ఉంటాను.